ఉప్పుబొగ్గు కుండ

కోనసీమలో ఇంటింటికీ ఓ కరెంటు కుండ ఉన్న రోజులవి. కొబ్బరిచిప్పల బొగ్గును ఉప్పునీళ్లతో ముద్దచేసి నింపితే చాలు, ఎండ కరెంటంతా అందులో దాగేది.

వీరవేణి ఇంట్లో మాత్రం సరిగ్గా ఆడపడుచు పెళ్లిచూపులనాడే ఫ్యాను ఆగింది. కుండ మూత తీస్తే ముద్ద సగమే ఉంది, అంచుల వెంట వేలిగీతలు.

"మావయ్యగారూ, ఏదీ, ఓసారి పళ్లు చూపించండి."

సూర్రావుగారు తలొంచుకున్నారు. "ఉప్పూ బొగ్గూ కలిపి ఎదురుగా పెట్టి, పళ్లు తోముకోవద్దంటే ఎలాగమ్మా?"

హాల్లో పెళ్లివారు చెమటలు కక్కుతున్నారు. వీరవేణి సిగ్గుపడుతూ విసనకర్రలు పంచింది.

"పర్లేదమ్మాయ్, మాకలవాటే. మా ఇంట్లోనూ ఫ్యాను తిరగదు," అని పెళ్లికొడుకు తాతగారు నవ్వారు. ఆయన చిగుళ్ల వెంట సన్నటి నల్లగీత.

సూర్రావుగారు ఆయన పక్కకే కుర్చీ లాక్కుని, పొద్దుటినుంచి మొదటిసారి నోరారా నవ్వారు.