బల్ల కుదిరిన రోజు

బల్ల ఎత్తు మళ్ళీ కుదరలేదు.

వాచీలు బాగుచేసే ఆయన కుర్చీలో కూర్చుని, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి చూసుకున్నాడు. ఇంకో రెండు వేళ్ళ ఎత్తు లేపాలన్నాడు.

ఆయన బావమరిది వడ్రంగి. సుత్తి కింద పెట్టి నడుము పట్టుకున్నాడు. "బావా, సింహాసనానికి కూడా ఇన్ని కొలతలుండవు. నిన్న నువ్వే కదా ఎత్తెక్కువైంది, కొయ్యమన్నావు?"

"వాచీ పని వంగి చేసేది కాదురా. బల్లే గుండెల దాకా రావాలి."

ఆ మాటా నిజమే. మామూలు బల్ల మీద వంగి పనిచేస్తే మెడ పట్టేస్తుంది, చెయ్యి వణుకుతుంది, వెంట్రుకంత స్ప్రింగు ఎగిరి ఎటో పోతుంది. అందుకే ఇంట్లో కిటికీ పక్కన, సుఖంగా కూర్చుని చేసుకునేలా ఈ బల్ల. బజారులో కొట్టు లేక కాదు. ఈ పని కొట్టులో నలుగురి మధ్య చెయ్యలేనన్నాడు. పనంటే ఒకే ఒక్క వాచీ. కొడుకుది.

అది ఆయన కొనిచ్చిందే. కొడుకు ఒట్టి బద్ధకస్తుడు, కీ ఇవ్వడం మర్చిపోతాడని, కీ అక్కర్లేని రకం ఏరి తెచ్చాడు. చెయ్యి ఆడుతున్నంతకాలం దానంతటదే కీ ఎక్కుతుంది. చెయ్యి కదలకపోతే మర్నాటికల్లా ఆగిపోతుంది. సెలవులకు ఇంటికొచ్చి, వాచీ విప్పి పడేసి, వాడు కుంభకర్ణుడిలా నిద్రపోతే అదీ వాడితో పాటే పడుకునేది. ముందు నువ్వు లేవరా, అది లేస్తుంది అని తల్లి మొహాన నీళ్ళు చల్లేది.

చేతికి అందివచ్చిన కొడుకు. కొండ కింద సొరంగం తవ్వే పనిలో చేరాడు. ఒకరోజు సొరంగం కూలింది.

మొదట గబగబా తవ్వారు. తర్వాత ఇంజనీర్లు వచ్చి, లోపల గాలి ఉండదనీ, ఎప్పుడో అందరూ పోయి ఉంటారనీ, ఇంకా తవ్వితే తవ్వేవాళ్ళ మీదా కూలుతుందనీ చెప్పారు. బయట కూర్చున్న కుటుంబాలన్నీ, వయసులో పెద్దవాడని, ఈయన మొహం చూశాయి. భార్య చొక్కా పట్టుకుని, ఇంకొక్క రోజు తవ్వమనండి అని బతిమాలింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఇక చాలు. ఆపెయ్యండి" అన్నాడు.

ఇంకొకరి కొడుకు పోకూడదనే అన్నాడు. దొడ్డ మనసని అందరూ మెచ్చుకున్నారు. భార్య మాత్రం ఈనాటి వరకూ ఆ మాట ఎత్తలేదు. ఆమె తిట్టినా బాగుండేది. ఎత్తకపోవడమే ఆయన్ను లోపల్లోపల తినేస్తోంది.

వానలు వెలిశాక వేరే దారిన తవ్వి శవాలను బయటికి తీశారు. వాచీ ప్లాస్టిక్ కవర్లో ఇంటికి వచ్చింది. ఆయన కవరు విప్పి, అద్దం మీది మట్టిని బొటనవేలితో తుడిచి, ఒకసారి చూసి, మళ్ళీ కవర్లో పెట్టి బీరువాలో దాచేశాడు. దాన్ని బాగుచెయ్యమనీ, ఒక్కసారి తన ముందు నడవనివ్వమనీ భార్య అడిగింది. కొడుకు పోయాక ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అప్పటి నుంచీ ఈ బల్ల భాగోతం. దొర్లిన మరలు కింద పడకుండా చుట్టూ అంచుపట్టీ కొట్టాలన్నాడు. పడ్డా దొరికేలా బల్ల నుంచి ఒళ్ళోకి గుడ్డ ఉండాలన్నాడు. భార్య పాత దుప్పటి చింపి కుట్టింది. దీపం ఎడమవైపు ఉండాలన్నాడు, తీరా పెట్టాక నీడ పడుతోందన్నాడు. దుమ్ము లేస్తుందని ఫ్యాన్ ఊడదీయించాడు. ఆ తర్వాత మళ్ళీ ఎత్తు దగ్గరికే వచ్చాడు.

"వెనకటికెవడో ఆడలేక మద్దెల ఓడన్నాడట" అని బావమరిది అక్క దగ్గర గొణిగాడు. ఆమె తమ్ముణ్ణి ఊరుకోమంది. కొడుకు పోయాక ఈ మనిషి ఒక పని మీద మనసు పెట్టడం ఇదే మొదలు, పెట్టనీ అనుకుంది.

చివరికి ఒక ఉదయం వంక పెట్టడానికేమీ మిగల్లేదు. బావమరిది పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. మోచేతులు బల్ల మీద హాయిగా ఆనాయి. భార్య ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

ఆయన భూతద్దం కంటికి బిగించుకుని, వాచీ వెనకమూత విప్పాడు. ఇన్నేళ్ళలో మూత తీసిన ప్రతిసారీ, లోపల పెద్ద జబ్బేమీ ఉండకూడదని దేవుణ్ణి తలుచుకునేవాడు. ఇవాళ ఏదో ఒక జబ్బు ఉండాలని మొక్కుకున్నాడు. నీళ్ళు చేరి ఉండాలి. తుప్పు పట్టి ఉండాలి. కనీసం ఒక్క చక్రానికి ఒక్క పన్నైనా విరిగి ఉండాలి.

ఏమీ లేదు. లోపలంతా కొన్ననాటిలా మెరుస్తోంది. మూత బిగించి చేతిలోకి తీసుకున్నాడు. ఆ చేతి వణుకుకే వాచీకి ప్రాణం వచ్చింది. టిక్కుటిక్కుమని నడక మొదలుపెట్టింది.

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, ఇన్నాళ్ళూ అడగనిది అడిగింది.

"ఏమండీ, వాడు ఎక్కువ బాధపడలేదు కదా? ఆ ఇంజనీర్లు చెప్పినట్టే పోయాడా?"

"సొరంగం కూలిన రోజే పోయాడు" అన్నాడు ఆయన. "మర్నాటికల్లా వాచీ ఆగిపోయింది."

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె మొహం కాస్త తేటపడింది.

"అందులో తేదీ కూడా ఉంటుందిగా. నా కళ్ళతో ఒకసారి చూసుకుంటాను, ఉండండి" అని కళ్ళద్దాల కోసం లోపలికి వెళ్ళింది.

ఆమె అటు తిరగగానే ఆయన వాచీ పక్కనున్న బుడిపె బయటికి లాగి, తాను "ఆపెయ్యండి" అన్న రోజుకు సరిగ్గా వారం తర్వాత ఆగి ఉన్న తేదీని గబగబా మార్చేశాడు.