దుప్పటి కింద ఫ్యాన్

రేపు నా మొదటి ఉద్యోగానికి పరీక్ష. ఈ లాప్‌టాప్‌లోనే రాయాలి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కడినే. ఇల్లంతా నామీదే ఆశ పెట్టుకుంది. తమ్ముడికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. వెలుతురు అమ్మకు కనబడకుండా దుప్పటి ముసుగేసుకుని ఆటలాడతాడు. గాలి ఆడక లాప్‌టాప్ పెనంలా కాలి ఆగిపోతోంది.

"నేను ముట్టుకుని వారమైందన్నయ్యా. ఒట్టు!"

"మరి పోయిన తాత లేచొచ్చి ఆడాడా? నోర్మూసుకుని పడుకో."

వాడి మంచానికి వీపు పెట్టి కూర్చుని, లాప్‌టాప్ అడుగు మూత విప్పాను. బ్యాటరీ తీసి పక్కన పెట్టాను. ఫ్యాన్ ఊడదీస్తే రెక్కల నిండా దుప్పటి నూగు. నా ఒళ్లు మండిపోయింది. పళ్లు కొరుకుతూ బ్రష్‌తో తుడుస్తున్నాను.

వెనక రయ్‌మని ఫ్యాన్ తిరిగింది.

తిరిగి చూశాను. మంచం మీద దుప్పటి గోపురంలా లేచి ఉంది. లోపల నీలం వెలుతురు. టకటకా మీటల చప్పుడు. ఇంకెవరిదో లాప్‌టాప్ తెచ్చుకున్నాడన్నమాట!

"సిగ్గుందా నీకు? రేపు నా పరీక్ష పోతే ఈ ఇంటికి దిక్కెవర్రా?"

మీటల చప్పుడు జోరందుకుంది. లేచి వెళ్లి దుప్పటి అంచు పట్టుకున్నాను. చెయ్యి చురుక్కుమంది.

"ఎవర్ని తిడుతున్నావన్నయ్యా?"

గుమ్మంలో తమ్ముడు, కళ్లు నులుముకుంటూ. "నీ తిట్లు పడలేక ఇందాకే వెళ్లి అమ్మ దగ్గర పడుకున్నా కదా."

మీటల చప్పుడు ఆగింది. నా చేతిలోని అంచును లోపలినుంచి ఎవరో మెల్లగా లాక్కున్నారు.