మా భాషలోనే

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిన ఏడు. కాలేజీ హాల్లోకి కూడా నీళ్లొచ్చి పోయాయి. బెంచీలింకా తడి ఆరలేదు. అయినా విద్యార్థి సంఘం వాళ్లు వార్షికోత్సవానికి తేదీ పెట్టేశారు.

కొత్తగా వచ్చిన డైరెక్టరు సంఘం అధ్యక్షుణ్ణి పిలిపించాడు. అధ్యక్షుణ్ణి అందరూ పొడుగోడంటారు. అక్కడ ఒకర్నొకరు అసలు పేర్లతో పిలుచుకోరు. మనిషిలో ముందు ఏది కనిపిస్తే అదే పేరు.

డైరెక్టరుకి పిల్లల భాష రాదు. నేర్చుకోవాలనీ లేదు. మధ్యలో నిలబడి ఇటుది అటు, అటుది ఇటు చెప్పేది వార్డెనక్క.

"ఉత్సవం చేసుకోండి, కాదనను. కానీ వేదికెక్కిన ప్రతివాడూ మేం మాట్లాడే భాషలోనే మాట్లాడాలి. కిందనున్నవాళ్లు బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చోవాలి."

"మాకో భాష ఉంది కదండీ" అన్నాడు పొడుగోడు.

"అదీ ఒక భాషేనా? గేటు దాటితే దాన్ని పట్టించుకునే వాడున్నాడా? మీ బాగు కోరే చెబుతున్నా. కాదూ కూడదంటే సంఘం రద్దు. నీ పేరు కొట్టేస్తా."

పొడుగోడు జవాబిచ్చాడు. వార్డెనక్క తటపటాయించింది.

"ఒరేయ్, ఇది ఉన్నదున్నట్టు చెప్పనా, కాస్త పంచదార కలపనా?"

"ఉన్నదున్నట్టే చెప్పక్కా."

అక్క గొంతు సవరించుకుంది. "ఉత్సవం వాళ్ల భాషలోనే జరుగుతుందట సార్. అర్థం కాకపోతే నా పక్కన కూర్చోమంటున్నాడు, నేను చెబుతానట."

డైరెక్టరు మొహం కందగడ్డలా అయింది.

బెంచీలు ఎండలో వేసి ఆరబెట్టారు. సంఘం కార్యదర్శి సొట్టబుగ్గ. చీపురు చంకలో ఇరికించుకుని హాలంతా తిరిగింది.

"స్తంభం వెనక బెంచీ ఎవడేశాడ్రా? అక్కడ కూర్చునేవాడు ఏం పాపం చేశాడు? తియ్యండి!"

"డైరెక్టరు గారు మైకు పంపారు" అన్నాడొకడు.

"వేదిక మీద పెట్టు, అందంగా ఉంటుంది. నాకు కావలసింది దీపాలు. ఇంకో రెండు పట్రా."

సాయంత్రానికి హాలు నిండింది. ముందు వరసలో అతిథులు, వాళ్ల పక్కనే వార్డెనక్క. సొట్టబుగ్గ వేదికెక్కి ప్రసంగం అందుకుంది. తమ భాషలోనే.

డైరెక్టరు చివాల్న లేచి మైకు తీగ పీకేశాడు.

సొట్టబుగ్గ ఆగలేదు. బెంచీల మీద ఒక్కరూ కదల్లేదు. పైగా ఎవరో ఏదో హాస్యమాడినట్టు వెనక వరసల్లో నవ్వులు. డైరెక్టరుకి ఒళ్లు మండిపోయింది. దీపాలార్పేద్దామని మెయిన్ స్విచ్ దగ్గరికి విసవిసా నడిచాడు.

స్విచ్ ముందు ఫుట్‌బాల్ జట్టు నిలబడి ఉంది. గోడ కట్టినట్టు.

"తప్పుకోండి!"

ఎవరూ తప్పుకోలేదు.

"ఏమిటీ పొగరు? పెద్దాచిన్నా లేదా?"

వెనకే పరుగెత్తుకొచ్చిన వార్డెనక్క వాళ్ల వైపు చూసి పెదవి బిగపట్టింది. "మీరు చెప్పినట్టే బుద్ధిగా చేతులు కట్టుకున్నారు కదా సార్!"

వేదిక మీద సొట్టబుగ్గ చివరికొచ్చింది.

"ఈ భాషలోనే మేం పోట్లాడుకుంటాం. ఈ భాషలోనే కలలు కంటాం. దీన్ని ఎవర్నీ అడిగి తెచ్చుకోలేదు. ఎవరడిగినా ఇవ్వం."

హాల్లో చేతులన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. చాలాసేపు దిగలేదు.

మర్నాడు పొద్దున్నే సంఘం రద్దయినట్టు నోటీసు పెట్టారు. పొడుగోణ్ణి మళ్లీ పిలిపించారు. పక్కన వార్డెనక్క, కళ్లు ఎర్రగా.

"క్షమాపణ చెప్తావా? పెట్టె సర్దుకుంటావా?"

"పెట్టె రాత్రే సర్దేశాను" అన్నాడు పొడుగోడు.

డైరెక్టరు బల్ల గుద్ది తిట్లు లంకించుకున్నాడు.

ఆ చెవిటి పిల్లల కాలేజీలో మిగతా విద్యార్థులందరిలాగే పుట్టినప్పట్నుంచీ ఏ చప్పుడూ ఎరగని పొడుగోడు, ఆయన పెదాల మీంచీ, తిట్లను సైగల్లోకి మారుస్తున్న అక్క చేతుల మీంచీ చూపు తిప్పేసి, నింపాదిగా కళ్లు మూసుకున్నాడు.