ముందు బిస్కెట్లు

ఫ్రీజర్‌లోంచి తీసి పెట్టిన అమెరికన్ బిస్కెట్లు ఎయిర్ ఫ్రయర్‌లో బన్నుల్లా పొంగాయి. ఎనిమిదేళ్ల అవని ఒకటి తీసి నాన్నమ్మ చేతిలో పెట్టింది.

“గుడ్డుందా ఇందులో?” అడిగింది చాముండేశ్వరి.

“లేదత్తయ్యా. పిండి, వెన్న, మజ్జిగ, అంతే,” అంది సుమతి.

“ఈ డబ్బాలో ఇంకేం వండుతారు?”

“బంగాళాదుంపలు...” సుమతి నసిగింది. గుడ్డు కూడా ముట్టని అత్తగారు అమెరికాలోని బెంటన్‌విల్ వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ కోడి పేరెత్తడం లేదు.

“చికెన్ కూడా నాన్నమ్మా! నువ్ వాక్‌కి వెళ్తావ్ కదా, అప్పుడు మమ్మీ చేస్తుంది,” అంది అవని.

సుమతి కూతురి వైపు ఉరిమి చూసింది.

చాముండేశ్వరి బిస్కెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. “కడిగావా డబ్బా?”

“సబ్బు పెట్టి తోమానత్తయ్యా.”

“నేను నడిచొచ్చేసరికి రోజూ ఇల్లంతా అగరొత్తుల పొగ! నీకు భక్తి ముదిరిందనుకున్నానా? నాకూ ముక్కుందమ్మా.”

ఆవిడ బిస్కెట్ తుంచి, ఆవకాయలో అద్ది నోట్లో వేసుకుంది.

“రేపట్నుంచి ఆ పొగ మానెయ్. పొద్దున్నే కడిగి ముందు నా బిస్కెట్లు పెట్టు. మీ కోడి సంగతి ఆ తర్వాత.”