మూడు నెలల చక్కెర

"ఈ కాగితం నాది కాదు సార్. నేను తీపి మొగం సూసి యాడాది దాటింది," అన్నాడు మునెయ్య కుర్చీలోంచి సగం లేచి.

మునెయ్య తిరుపతిలో ఒక లాడ్జిలో గదులు చూసుకుంటాడు. కాలి బొటనవేలికి పుండు పడింది. నెల దాటినా మానలేదు. షుగరు దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు ప్రేమానందం ముందే చెప్పాడు. ఇప్పుడు బల్ల మీద రెండు కాగితాలున్నాయి. పరగడుపున తీసిన రక్తంలో నూట పద్దెనిమిది. కొత్తగా చేయించిన పరీక్షలో పది.

"నూట పద్దెనిమిది మంచిదేనంటిరి. పది అంతకన్నా తక్కువే గదా? దానికి మొగం మాడ్చుకుంటారేమి?"

"ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు మునెయ్యా. ముందురోజు పస్తుంటే అది దిగుతుంది. ఇది దిగదు. మూడు నెలలుగా నీ రక్తంలో చక్కెర ఎట్లా ఉందో ఇది చెప్తుంది. ఏడు దాటకూడదు."

"మూడు నెలల కింద ఏం తిన్నానో నాకే గెవనం లేదు. నా రక్తానికెట్లుంటాది సార్?"

డాక్టరు మళ్ళీ విడమరిచాడు. ఎర్రకణాలన్నాడు. వాటికి చక్కెర అంటుకుంటుందన్నాడు. అవి బతికినన్నాళ్ళూ వదలదన్నాడు. మునెయ్య బుర్రకు ఒక్క ముక్కా ఎక్కలేదు. వేలు పోతుందన్నది మాత్రం ఎక్కింది.

"మీ మిషనే చెడిపోయుండాది. మా ఇంటామెకు ఏ రోగమూ లేదు. ఆమె రక్తం తీయండి. ఆమెకూ పదే వస్తే మిషన్‌ది తప్పు."

గోడవారగా నిలబడిన దేవకమ్మ ఉలిక్కిపడింది. "నాకెందుకు? సూదంటేనే నాకు భయం."

"వేలు నాది పోతా ఉంటే నీకు భయమా? కూర్చో!"

మరునాడు దేవకమ్మ కాగితం వచ్చింది. పదకొండు.

మునెయ్య బల్ల గుద్దాడు. "సూసినారా సార్! నా వేలి జోలికి రావద్దండి. పోయి ముందు మిషన్‌కు వైద్యం చేయించండి!"

డాక్టరు అతని వైపు చూడలేదు. "నిజం చెప్పమ్మా, ఏం తింటున్నావు?"

దేవకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "కొండ దిగొచ్చినోళ్ళు గది ఖాళీ చేస్తా ఈయన చేతిలో లడ్లు పెడతారు సార్. ప్రసాదం వద్దనకూడదు, పారేయకూడదు. ఇంట్లో ఉంటే ఈయన తినేస్తాడని ఒక్కటి కూడా మిగల్చకుండా అన్నీ నేనే తింటా ఉండాను."

మునెయ్యకు రోషం తన్నుకొచ్చింది.

"అన్నీ యాడ తింటివే? దోవలో నేను తినంగా మిగిలినవే గదా నీకు తెచ్చింది!"