ఏడో నంబరు చొక్కా

చొక్కా ఎగిరొచ్చి కటింగ్ బల్ల మీద పడింది.

"మనుషులు తొడుక్కునేదేనా ఇది?" అంది ఆమె, గుమ్మంలోంచే.

కటింగ్ మాస్టర్ తలెత్తాడు. ముప్పై ఏళ్లు కోట్లు కుట్టిన చెయ్యి అతనిది. తను కుట్టిన బట్టని ఇలా మొహాన కొట్టినవాళ్ళు ఇంతవరకు లేరు.

అది మామూలు చొక్కా కాదు. గుండెకు సాయంగా ఒంట్లో అమర్చిన యంత్రానికి, వైరు లేకుండా, చర్మం పైనుంచే ఛార్జింగ్ ఎక్కించే చొక్కా. ఎడమ ఛాతీ దగ్గర లోపలివైపు అరచేతంత తీగచుట్ట, నడుం దగ్గర బ్యాటరీ. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఒంటి మీద ఉండి తీరాలి, లేకపోతే యంత్రం ఆగిపోతుంది. కంపెనీ పదిమంది రోగులకిచ్చి, ఎలా ఉందో రాసి పంపమంది. పేర్లు బయటపెట్టకూడదని ఆసుపత్రి షరతు. కుట్టుగదికి వచ్చిన జాబితాలో నంబర్లే ఉన్నాయి.

తొమ్మిది మంది 'బాగానే ఉంది' అని రాసి పంపారు. ఏడో నంబరు నుంచే కాగితం రాలేదు.

"ఎవరమ్మా మీరు?"

"ఏడో నంబరు చొక్కా ఇది. గంట తిరక్కుండానే లోపల ఉడికిపోతుంది. పైగా వెనక కొక్కేలు! చెయ్యి పైకి లేవనివాళ్ళు వీపు మీద కొక్కెం ఎలా పెట్టుకుంటారనుకున్నారు?"

"ఇంట్లోవాళ్ళు సాయం చేస్తారు కదా అని..."

"ఇంట్లోవాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళరా?"

మాస్టర్ పళ్ళు కొరుక్కుని, కొక్కేలు ముందుకు మార్చి కుట్టిచ్చాడు.

పదిహేను రోజులకు మళ్ళీ వచ్చింది. అప్పటికే కుట్టుగదిలో ఆమెకు 'ఏడో నంబరు' అని పేరు పడిపోయింది. ఆమె అడుగుల చప్పుడు వినగానే మిషన్లు ఆగిపోయేవి. అందరికీ తమాషా.

"పక్కకి తిరిగి పడుకుంటే తీగచుట్ట చంకలోకి జారుతోంది. బస్సులో కీచుకీచుమని ఒకటే గోల. అందరూ దొంగని చూసినట్టు చూశారు."

"తీగచుట్ట యంత్రానికి ఎదురుగా లేకపోతేనే అది కూస్తుందమ్మా," మాస్టర్ గొంతు పెరిగింది. "మీకు తొడుక్కోవడం రాలేదు."

"తొడుక్కోవడం రానివాళ్ళ కోసమే కదయ్యా నువ్వు కుట్టాల్సింది!"

ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టర్ చెవులు ఎర్రబడ్డాయి.

మూడోసారి బ్యాటరీ బరువంది. నాలుగోసారి, ఇది వేసుకుని నలుగురిలోకి ఎలా వెళ్తారంది. ఐదోసారి ఒక్క మాటా అనకుండా చొక్కాని బల్ల మీద పరిచి, తప్పున్న చోటల్లా సుద్దతో గీతలు పెట్టి వెళ్ళిపోయింది. పదకొండు గీతలు.

మేనేజరు విసుక్కున్నాడు. "ఆవిడ నంబరు కొట్టెయ్. తొమ్మిది మంది చాలు."

"ఆవిడ నోటితో బాగుందనిపించి, అప్పుడు కొట్టేస్తాను," అన్నాడు మాస్టర్. అది పంతం. దయ కాదు.

ఆ ఆదివారం చొక్కా ఇంటికి పట్టుకెళ్ళాడు. కూత వినపడకుండా దాని తీగ పీకేశాడు. కుడిచేతిని నడుముకి కట్టమన్నాడు భార్యని.

"మీకేమైనా మతి పోయిందా?" అంది ఆవిడ, అయినా కట్టింది.

ఒంటిచేత్తో తొడుక్కోవడానికే పావుగంట పట్టింది. నలభై నిమిషాలకు వీపంతా చీమలు పాకినట్టయింది. గంటకి ఛాతీ మీద కుంపటి పెట్టినట్టుంది. విప్పి గోడకేసి కొట్టాడు. ఇన్నాళ్లూ ఆమె మీద ఉన్న కోపమంతా ఒక్కసారిగా తన మీదకే తిరిగింది. ఈ చొక్కానా నేను రోగులకు ఇచ్చింది?

సోమవారం పాత నమూనా కాగితాలన్నీ చింపేశాడు. బ్యాటరీని రెండు ముక్కలు చేస్తే తప్ప కుట్టనని ఇంజనీర్లతో పోట్లాడాడు. గాలాడే వలబట్ట వేశాడు. ముందువైపు ఒక్క చేత్తో లాగితే అతుక్కునే పట్టీ పెట్టాడు. తీగచుట్ట జారకుండా చంక కింద సాగే బట్టతో జేబు కుట్టాడు. కూతకు బదులు చిన్న వణుకు. పైకి చూస్తే మామూలు చొక్కానే.

ఆరోసారి ఆమె వచ్చింది. కుడిచెయ్యి కదపకుండా, ఎడమచేత్తోనే జాకెట్టు మీద తొడుక్కుంది. కటింగ్ బల్ల ఎక్కి పడుకుంది. ఎడమకు తిరిగింది. కుడికి తిరిగింది. తరవాత దిగి, కిటికీ పక్క కుర్చీలో రెండు గంటలు కదలకుండా కూర్చుంది. గదిలో ఎవరూ నవ్వలేదు.

"విప్పాలనిపించడం లేదు," అంది చివరికి. ఆ గొంతులో మెత్తదనం వినడం మాస్టర్‌కి అదే మొదలు.

మరుక్షణమే ఆమె మొహం మారిపోయింది.

"ఇంతేనా? ఒక పట్టీ, కాస్త వలబట్ట, ఒక జేబు. ఈ కాస్తా ముందే కుట్టడానికి మీకేం అడ్డమొచ్చింది? చెప్పండి, ఏం అడ్డమొచ్చింది?"

ఆమె చొక్కా విప్పి, మడత పెట్టి, బల్ల మీద ఉంచి వెళ్ళిపోయింది. 'బాగుంది' అని ఒక్క మాటైనా అనలేదని అతనికి ఉక్రోషం వచ్చింది. అయినా న్యాయం న్యాయమే. ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

"సిస్టర్, కొత్త చొక్కాల్లో మొదటిది ఏడో నంబరుకే ఇవ్వాలి. ఆవిడ తిట్లే లేకపోతే ఇది తయారయ్యేది కాదు. ఎక్కడికి పంపమంటారు?"

అవతల నర్సు జాబితా తీసి చూసింది.

"ఏడో నంబరు ఆవిడ కాదండీ, వాళ్ళాయన. మీ మొదటి చొక్కా వేడికి తట్టుకోలేక విప్పేసి పడుకున్న మనిషి, ఆవిడ ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికే పోయారు."