ఇరవై తొమ్మిదో నిమిషం

నార్త్ డకోటాలో ఒక చిన్న ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో మార్లిస్ లెక్కల పిశాచి. ఏ గదివాళ్లు రక్తం తెప్పించుకుని వాడకుండా తిప్పి పంపుతున్నారో కంప్యూటరులో గీతలు గీసి మరీ పట్టుకునేది. ముప్ఫై నిమిషాలు దాటి వెనక్కొచ్చిన సంచి చెత్తపాలే మరి.

ఆ గీతల్లో నాలుగో నంబరు గది దొరికింది. పందొమ్మిది రాత్రులుగా రెండింటికి అదే ఓ నెగెటివ్ గ్రూపు రక్తం సంచి తెప్పించుకుని, ఇరవై తొమ్మిదో నిమిషాన తిప్పి పంపుతోంది. అక్కడ పెద్ద డాక్టరుకైనా అంత వేళాపాళా లేదు!

ఒళ్లు మండి పై అంతస్తు నర్సు డ్వెయిన్‌కి ఫోన్ చేసింది. "ఏంటయ్యా నాలుగో గదిలో మీ ఆటలు?"

"అందులో విరిగిన మంచాలేసి తాళం పెట్టాం తల్లీ. నీ కంప్యూటరు తాగొచ్చినట్టుంది!"

అంతలో సంచి వాపసు గూట్లోకి వచ్చిపడింది. సీలు చెక్కుచెదరలేదు. తూచితే నిన్నటికంటే రెండు చెంచాలు తక్కువ. ఉన్నది ఆ ఒక్క ఓ నెగెటివే. అయినా పారెయ్యక తప్పలేదు.

"ఇక నీకు చుక్క ఇవ్వను, పో!" అని తెర మీది నాలుగో గది నంబరు చూసి పళ్లు నూరింది.

మర్నాడు రాత్రి రెండింటికి నాలుగో గది మళ్లీ ఓ నెగెటివ్ అడిగింది. కంప్యూటరులో 'సరుకు ఉన్న చోటు' అనే గడిలో ఎప్పుడూ 'ఫ్రిజ్, రెండో అర' అని ఉండేది. ఈసారి 'కిటికీ పక్క కుర్చీ' అని ఉంది.

మార్లిస్ కూర్చున్నది అందులోనే. ఆమెదీ ఓ నెగెటివే.

'తిరిగి వచ్చే వేళ' గడి మాత్రం ఖాళీగా ఉంది.